పాసేజి ముందు మనకి తక్కువైంది ఇంగ్లిష్ కాదు

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ వచ్చేసరికి మన హాస్టళ్లలో ఒక సీజన్ మొదలవుతుంది. గోడల మీదకి వర్డ్ లిస్టులు ఎక్కుతాయి. ఫోన్లలోకి ఫ్లాష్‌కార్డ్ యాప్‌లు దిగుతాయి. మెస్ లైన్లో నిలబడి కూడా ఒకడు పదం చెప్తే ఇంకొకడు అర్థం చెప్తుంటాడు. జీఆర్ఈ రాసేవాళ్లది ఒక గుంపు, క్యాట్ రాసేవాళ్లది ఇంకో గుంపు. రెండు చోట్లా వినిపించే మాట మాత్రం ఒకటే: "మ్యాథ్స్ ఎలాగోలా లాగేస్తాం రా, ఈ రీడింగ్ కాంప్రహెన్షనే చంపేస్తోంది." దానికి అందరూ చెప్పుకునే కారణం కూడా ఒకటే: "మనకి ఇంగ్లిష్ వీక్ కదా."

నా అభిప్రాయంలో ఈ కారణం చాలావరకు తప్పు. మనలో ఎక్కువమందికి పాసేజిలోని మాటలు అర్థమవుతూనే ఉంటాయి. ఆ మాటలతో రచయిత ఏం వాదిస్తున్నాడో మాత్రం చేతికి చిక్కదు. అది భాషకి సంబంధించిన లోటు కన్నా చదివే అలవాటుకి సంబంధించిన లోటు. ఇంగ్లిష్‌లో మొదలైన లోటు కూడా కాదది. తెలుగులోనూ ఉంది. కాబట్టి దాన్ని పూడ్చుకోవడం తెలుగు నుంచి మొదలుపెట్టొచ్చు అని నా వాదన. తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఇలా రాస్తున్నాననుకోకండి. కాస్త ఓపిగ్గా చదివి, నచ్చకపోతే తిట్టండి.

ముందు పరీక్ష ఏం అడుగుతుందో చూద్దాం. 2023 సెప్టెంబర్ నుంచి జీఆర్ఈ చిన్నదైంది. మొత్తం పరీక్ష రెండు గంటల లోపే అయిపోతుంది. వెర్బల్‌లో రెండు సెక్షన్లు: మొదటిది 12 ప్రశ్నలు, 18 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. మొత్తం 27 ప్రశ్నల్లో దాదాపు సగం పాసేజీల మీదే వస్తాయి. క్యాట్ సంగతి ఇంకా ఘాటు. ఈమధ్య ఏళ్లలో వెర్బల్ సెక్షన్‌లోని 24 ప్రశ్నల్లో 16 పాసేజీలవే. నాలుగు పాసేజీలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు, సెక్షన్ మొత్తానికి 40 నిమిషాలు. తప్పు ఆప్షన్ పెడితే ఒక మార్కు పోతుంది కూడా. గేట్‌లో జనరల్ ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులున్నాయి, అందులోనూ చిన్న పేరాలిచ్చి దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు అని అడిగే ప్రశ్నలుంటాయి.

జీఆర్ఈలో 2011 దాకా ఆంటోనిమ్స్, ఎనాలజీస్ ఉండేవి. అంటే విడి మాటకి వ్యతిరేకపదం, విడి మాటల జంటకి పోలిక. ఆ ఏడాది ఆగస్టులో వాటిని తీసేశారు. విడిగా మాటల అర్థం అడగడం అప్పుడే పోయింది. మన గోడల మీద లిస్టులు మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకి అలా వారసత్వంగా వస్తూనే ఉన్నాయి.

పాసేజీల కింద వచ్చే ప్రశ్నలు గమనించండి. "రెండో వాక్యం ఈ పేరాలో ఏ పని చేస్తోంది?" "ఫలానా అభిప్రాయానికి అభ్యంతరం చెప్తున్న వాక్యాన్ని క్లిక్ చేయండి." "కింది వాటిలో ఏది నిజమైతే రచయిత వాదన బలహీనపడుతుంది?" ఇవన్నీ మాట అర్థం తెలుసా అని అడగడం లేదు. వాదన నిర్మాణం కనిపించిందా అని అడుగుతున్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చోనిచ్చినా ఇలాంటి ప్రశ్నలు తప్పు చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు.

నమ్మకం కలగట్లేదా? ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఇంగ్లిష్‌ని పూర్తిగా పక్కన పెట్టి, అదే తరహా పాసేజి ఒకటి తెలుగులో రాశాను. చదివి జవాబు అనుకున్నాకే ముందుకి వెళ్లండి.

"తెలుగులో వాడుక భాష ఉద్యమం గెలిచిన తీరు గురించి ఒక సులువైన వివరణ ప్రచారంలో ఉంది. జనం మాట్లాడే భాష సులభం, గ్రాంథికం కష్టం, కాబట్టి సులభమైనది గెలిచిందంటారు. సౌలభ్యం ఒక కారణమన్న మాట నిజమే. అయితే గిడుగు రామమూర్తి వాదనకి బలమిచ్చింది అదొక్కటే కాదు. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టిన పండితులు కూడా ఆ నియమాలు తప్పకుండా రాయలేకపోతున్నారని ఆయన వాళ్ల రచనల్లోంచే ఉదాహరణలు తీసి చూపించాడు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకే పట్టుబడని భాషని బడిపిల్లల మీద రుద్దడం ఏం న్యాయమన్నది ఆయన ప్రశ్న. అంతమాత్రాన పాత సాహిత్యాన్ని ఆయన వద్దన్నాడనుకుంటే పొరపాటు. పాత కావ్యాలు చదవడం వేరు, ఈనాటి వచనాన్ని ఆ భాషలో రాయడం వేరు."

ప్రశ్న: ఈ పేరా రాసినవాళ్లు ముఖ్యంగా ఏం చెప్తున్నారు?

అ) గ్రాంథికం కన్నా వాడుక భాష సులభం కాబట్టే ఉద్యమం గెలిచింది.
ఆ) గ్రాంథికవాదులైన పండితులకి అసలు వ్యాకరణమే రాదని గిడుగు నిరూపించాడు.
ఇ) ఉద్యమం గెలుపుని సౌలభ్యంతో మాత్రమే వివరిస్తే సరిపోదు, గిడుగు వాదనకి ఇంకో ఆధారం కూడా ఉంది.
ఈ) సవర భాష మీద చేసిన కృషే గిడుగుని వాడుక భాష వైపు నడిపించింది.

జవాబు ఇ. మీలో చాలామంది సరిగానే పెట్టి ఉంటారు. కానీ మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో వాక్యంలో చెప్పగలరా? పరీక్ష కిటుకంతా అక్కడే ఉంది.

అ పేరాలో కనిపించే మాటే. కానీ అది రచయిత అభిప్రాయం కాదు, రచయిత సరిదిద్దుతున్న అభిప్రాయం. గబగబా చదివేవాడికి మొదటి రెండు వాక్యాలు బుర్రలో ఉండిపోతాయి, "అయితే" దగ్గర దారి మళ్లిన సంగతి తెలీదు. ఆ దాదాపు నిజంలా ఉంటుంది, కానీ డోసు ఎక్కువైంది. "తప్పకుండా రాయలేకపోతున్నారు" వేరు, "అసలు రాదు" వేరు. ఈ ఇంకా ప్రమాదకరం. గిడుగు సవర భాష మీద పనిచేసిన మాట వాస్తవం. చరిత్ర తెలిసినవాడు అది చూసి సంబరపడిపోతాడు. కానీ ఈ పేరాలో ఆ ఊసే లేదు. బయట ఎంత నిజమైనా, పేరాలో లేనిది పేరా చెప్పిన విషయం కాదు.

ఈ ఉచ్చులే ఇంగ్లిష్ పాసేజీల్లోనూ ఉంటాయి. ఎదుటివాళ్ల అభిప్రాయాన్ని రచయితకి అంటగట్టే ఆప్షన్, డోసు పెంచిన ఆప్షన్, బయటి నుంచి తెచ్చిన ఆప్షన్. మూడోది మన ఇంజనీర్లకి ప్రత్యేకంగా తగులుతుంది. సెమీకండక్టర్ల మీద పాసేజి వస్తే ఈసీఈ వాళ్లకి పండగే అనుకుంటాం. కానీ అక్కడే వాళ్లు పాసేజి చెప్పినదాన్ని వదిలేసి క్లాసులో చదివినదాన్ని టిక్ పెట్టే ప్రమాదం ఉంది. తెలియని విషయమైతే కనీసం పాసేజిని నమ్ముకుంటారు.

ఇదే పేరాని మీ రూమ్మేట్లకి ఇచ్చి చూడండి. పొరపాటు పడినవాళ్లు తెలుగు రాక పడలేదని మీకే తెలుస్తుంది.

మరి ఈ అలవాటు మనకి ఎందుకు లేదు? మన తెలివి తక్కువై కాదు. మనం చదివిన తీరు అలాంటిది. ఇంటర్ రెండేళ్లూ మనం తయారైంది ఎంసెట్ కోసం. ఇప్పుడు పేరు ఈఏపీసెట్, లెక్క మాత్రం అదే: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కోదానికి ఒక నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఆ పరీక్షకి కావలసింది ప్రశ్న చూడగానే కీలకమైన మాట పట్టుకోవడం, దానికి సరిపోయే ఫార్ములా లాగడం. అది చిన్న నైపుణ్యమేమీ కాదు. మనందరం ఇక్కడున్నామంటే దానివల్లే. కానీ మన కళ్లకి అది ఒక్కటే నేర్పింది: కీవర్డ్ వెతుకు, మిగతాది దాటేయ్. వాదన ఉన్న పేరాలో ఆ "మిగతాది"లోనే అసలు విషయం ఉంటుంది. "అయితే", "నిజమే గానీ", "అంతమాత్రాన" లాంటి మాటలు ఏ కీవర్డ్ జాబితాలోనూ ఉండవు.

భాష సబ్జెక్టుల సంగతి చెప్పక్కర్లేదు. మార్కులు బాగా వస్తాయని ఇంటర్‌లో తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నవాళ్లం మనలో ఎంతమంది? తీసుకుని సంస్కృతమైనా చదివామా అంటే అదీ లేదు. ఇంగ్లిష్ పాఠాలకి గైడు, గైడుకి ఇంపార్టెంట్ క్వశ్చన్లు. బీటెక్‌కి వచ్చాక టెక్స్ట్‌బుక్ తెరిచేవాళ్లే అరుదు. సీనియర్ల పీడీఎఫ్ నోట్సు, అది కూడా యూనిట్‌కి నాలుగు ప్రశ్నలు. ఈమధ్య అదీ పెద్దదైపోయి, పీడీఎఫ్‌ని చాట్‌జీపీటీకి ఇచ్చి పది పాయింట్లుగా చేయించుకుంటున్నాం. పాయింట్లు వస్తాయి, కాదనను. కానీ ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి రచయిత ఎలా వచ్చాడన్న దారి అందులో ఉండదు. పరీక్ష అడిగేది ఆ దారి గురించే.

అంటే పదో తరగతి తర్వాత ఏ భాషలోనైనా రెండు పేజీల వాదనని మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఈయన ఏమంటున్నాడు? ఎందుకంటున్నాడు? నాకు ఒప్పుదలేనా?" అని అడుక్కున్న సందర్భాలు మనకి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగైదేళ్లుగా చేయని పనిని, కొత్త భాషలో, గడియారం పెట్టుకుని, ఇరవై వేలు దాటిన ఫీజు కట్టి ఒక్కసారిగా చేయబోతున్నాం. పాసేజి చూసి గుండె జారడంలో వింతేముంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "అయితే వొకాబ్యులరీ అక్కర్లేదా?" కావాలి. జీఆర్ఈ వెర్బల్‌లో మిగతా సగం ఖాళీలు పూరించే ప్రశ్నలు, అక్కడ మాటలు తెలియకపోతే పని జరగదు. కానీ ఆ ఖాళీల్లోనూ ముందు చేయాల్సింది వాక్యం ఎటు నడుస్తోందో పట్టుకోవడమే. ఇక్కడ మెచ్చుకునే మాట పడాలా, విమర్శించే మాట పడాలా అన్నది వాక్యమే చెప్తుంది. అది పట్టుకోలేనివాడికి వెయ్యి మాటలు వచ్చినా లాభం లేదు. నేను లిస్టులు చింపేయమనట్లేదు. రోజుకి రెండు గంటలు లిస్టుకి, పదినిమిషాలు పాసేజికి ఇచ్చే లెక్క తిరగబడాలంటున్నాను.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. "తెలుగు చదివితే ఇంగ్లిష్ పాసేజి ఎలా అర్థమవుతుంది? వాక్య నిర్మాణమే వేరు కదా?" నిజమే, వేరు. ఆ తేడా తెలుసుకోవడం కూడా పనికొస్తుంది. తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందే వచ్చేస్తుంది. "మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీర్లు డిజైన్ చేసిన బ్రిడ్జి కూలిపోయింది" అంటే మనకి ఎక్కడా తడబాటు ఉండదు. అదే ఇంగ్లిష్‌లో "ది బ్రిడ్జ్ దట్ ది ఇంజనీర్స్ హూ కేమ్ ఫ్రమ్ మద్రాస్ డిజైన్డ్ కొలాప్స్డ్" అంటే చివర్లో రెండు క్రియలు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడదు. ఏది కూలింది, ఎవరు డిజైన్ చేశారు అని వెనక్కి వెళ్లాలి. పరీక్షలో పొడుగు వాక్యాలు మనల్ని కొట్టేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. మందు ఏంటంటే, ఆ వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పి చూడటం. ఎవరు, ఏం చేశారు అన్నవి ముందు పట్టుకుని, మిగతాదంతా "వచ్చిన", "చేసిన" కింద సర్దేయడం. ఇంగ్లిష్‌లోనే ఆలోచించు అని కోచింగుల్లో చెప్తుంటారు. వేగానికి చివరికి అది అవసరమే కావొచ్చు. కానీ చిక్కుముడి పడ్డ చోట తెలుగు మన చేతిలో ఉన్న పనిముట్టు. దాన్ని వాడటానికి సిగ్గుపడక్కర్లేదు.

అలాగే "ఆల్దో". ఇంగ్లిష్‌లో అది వాక్యం మొదట్లోనే వచ్చి, ముందు చెప్పేది ఒప్పుకోలు మాత్రమే, అసలు మాట తర్వాత వస్తుందని హెచ్చరిస్తుంది. తెలుగులో అదే పని "అయినా", "అయినప్పటికీ" చేస్తాయి, కాకపోతే మొదటి భాగం చివర్లో. చోటు మారింది, పని మారలేదు. తెలుగులో ఆ మలుపు దగ్గర ఆగే అలవాటున్నవాడు ఇంగ్లిష్‌లోనూ ఆగుతాడు. "హవెవర్"కి "అయితే", "గ్రాంటెడ్"కి "నిజమే", "మోర్ఓవర్"కి "పైగా", "దేర్‌ఫోర్"కి "కాబట్టి". గోడ మీద లిస్టు ఉండాల్సిందే అంటే ఈ పదిహేను ఇరవై మాటలు అంటించండి. ఇవి ప్రతి పాసేజిలోనూ వస్తాయి. మీరు బట్టీపట్టిన వెయ్యి మాటల్లో పరీక్ష రోజు ఎన్ని తగులుతాయో ఎవరూ చెప్పలేరు.

సరే, ఏం చేయాలి? నాకు పనికొస్తాయని గట్టిగా అనిపించేవి నాలుగు.

మొదటిది, వాక్యం ఏం చెప్తోందన్నదానితో పాటు ఏం చేస్తోందని అడగడం. ఇది అభిప్రాయమా, ఆధారమా, ఉదాహరణా, అభ్యంతరమా, అభ్యంతరానికి జవాబా? మనకి ఇది కొత్తేం కాదు. సర్క్యూట్ చూసినప్పుడు ప్రతి రెసిస్టర్ విలువా గుర్తుపెట్టుకోం, అది అక్కడ ఎందుకుందని చూస్తాం. పేరాలో వాక్యాలనీ అలాగే చూడాలి. మొదటి నెల టైమర్ వద్దు. పేరా పక్కన పెన్సిల్‌తో ఒక్కో మాట రాసుకుంటే చాలు: "పాత వాదన", "అయితే", "ఆధారం", "ముగింపు".

రెండోది, చదివాక స్క్రీన్ మూసేసి, పక్కనున్నవాళ్లకి రెండు తెలుగు వాక్యాల్లో చెప్పడం. ఫోన్లో ఇంట్లోవాళ్లకి చెప్తే ఇంకా మంచిది. "అదేదో జెనెటిక్స్ గురించి" అని వస్తే మీకు టాపిక్ మాత్రమే తెలిసిందన్నమాట. "ఫలానా లక్షణం వంశపారంపర్యం అనుకునేవాళ్లు, కాదు పరిసరాల వల్లేమో అని ఈయన అనుమానిస్తున్నాడు" అని వస్తే పాసేజి మీ చేతిలోకి వచ్చినట్టే. తెలుగులో చెప్పడంలో ఇంకో లాభం ఉంది. ఇంగ్లిష్‌లో అయితే పాసేజిలోని మాటలే తిరిగి అప్పజెప్పి అర్థమైందని మనల్ని మనం మోసం చేసుకోవచ్చు. తెలుగులో ఆ వీలు లేదు. అర్థమైతే తప్ప మాట బయటికి రాదు.

మూడోది, ఆప్షన్లు చూసే ముందే జవాబు ఎలా ఉండాలో ఒక్క క్షణం అనుకోవడం. తర్వాత తప్పు ఆప్షన్లలో ప్రతిదానికీ ఎందుకు తప్పో కారణం చెప్పడం. పైన గిడుగు పేరాకి చేసినట్టే. ప్రాక్టీసులో ముప్ఫై పాసేజీలు చేసి స్కోరు చూసుకోవడం కన్నా, పది చేసి ప్రతి ఆప్షన్‌కీ కారణాలు రాసుకోవడం మేలు. నెల తిరిగేసరికి మీ పొరపాట్లకి ఒక తీరు ఉందని కనిపిస్తుంది. కొందరు ఎప్పుడూ డోసు ఎక్కువైన ఆప్షన్‌కే పడతారు, కొందరు బయటి జ్ఞానానికి. జీఆర్ఈలో వర్తించేవన్నీ ఎంచుకోమనే రకం ఒకటుంది. అక్కడ మూడు ఆప్షన్లనీ విడివిడిగా తూచాలి, ఒకటి తప్పినా మార్కు లేదు. కారణాలు చెప్పే అలవాటు లేనివాళ్లు ఎక్కువగా జారేది అక్కడే.

నాలుగోది, ప్రశ్నలు చదివి పాసేజిలో జవాబులు వెతికే షార్ట్‌కట్‌లకి దూరంగా ఉండటం. మొదటి వాక్యం, చివరి వాక్యం చదివితే చాలని చెప్పే వీడియోలు బోలెడు. అది మళ్లీ ఎంసెట్ కన్నే. గిడుగు పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే చదివి చూడండి, ముఖ్యమైన మాట దొరుకుతుందేమో. వేగం కళ్లు పరిగెత్తించడం వల్ల రాదు. తర్వాత ఏం రాబోతోందో ఊహించగలిగినప్పుడు వస్తుంది. "నిజమే" అని చూడగానే వెనక "అయితే" వస్తుందని తెలిసినవాడు దాని కోసం సిద్ధంగా ఉంటాడు.

ఇక తెలుగులో ఏం చదవాలి? కథలు, కవితలు మన పత్రికలో ఎలాగూ వస్తున్నాయి. ఈ పనికి కావలసింది వాదించే వచనం. తెలుగులో దానికి కరువేం లేదు, మనకి తెలియదంతే. చందమామని ఏళ్ల తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు వ్యాసాలు చదవండి. సాహిత్యం, సైన్సు, సినిమా దేని గురించైనా ఒక మాట అని, దానికి కారణం చెప్పి, మీకు రాబోయే అనుమానాన్ని ముందే పట్టుకుంటాడు. రారా అని పిలుచుకునే రాచమల్లు రామచంద్రారెడ్డి ఇంకా పదును. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, డిగ్రీ పూర్తికాకుండానే బయటికి వచ్చిన మనిషి. ఆయన "అనువాద సమస్యలు" పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంగ్లిష్ వాక్యం తెలుగులోకి ఎక్కడ సరిగా రాదు, ఎందుకు రాదు అన్నది పట్టిపట్టి చూసే పుస్తకం అది. రీడింగ్ కాంప్రహెన్షన్‌కి తెలుగులో ఇంతకన్నా మంచి గైడు నాకు తెలీదు, ఆయన దాన్ని ఆ ఉద్దేశంతో రాయకపోయినా. బాలగోపాల్ ఉన్నాడు. వరంగల్ ఆర్ఈసీలో గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయలో పాఠాలు చెప్పినవాడు. ఆయన వ్యాసాల్లో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్లే తీరు చూస్తే లెక్కల మనిషని తెలిసిపోతుంది. ఆయన అభిప్రాయాలు మీకు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే ఇంకా మంచిది. ఏ మెట్టు దగ్గర మీరు విడిపోయారో వేలు పెట్టి చూపించండి. అదే ప్రాక్టీసు.

తెలుగొక్కటే సరిపోతుందని నేను అనట్లేదు. పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ఇంగ్లిష్ వచనానికి కళ్లు అలవాటు పడాల్సిందే. రోజూ ది హిందూ సంపాదకీయం ఒకటి, వారానికి రెండు మూడు సార్లు సైన్సు మీదో చరిత్ర మీదో పెద్ద వ్యాసం ఒకటి, పరీక్ష దగ్గరపడ్డాక ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ టెస్టులు. కానీ తెలుగులో వాదనని పట్టుకోవడం వచ్చినవాడికి ఇంగ్లిష్‌లో ఒక కొత్త కష్టమే ఉంటుంది, భాష. రానివాడికి రెండు కష్టాలు కలిసి వస్తాయి, ఏది ఏదో కూడా తెలీదు. రెండింటినీ కలిపేసి "ఇంగ్లిష్ వీక్" అని పేరు పెట్టుకుంటాడు.

ఆ పేరు వల్ల జరిగే నష్టం గురించి కూడా చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు మన క్లాసుల్లో ఉన్నారు. "నాది తెలుగు మీడియం, వెర్బల్ నా వల్ల కాదు" అని అప్లై చేయడమే మానుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరైనా కనిపిస్తారు. పదేళ్లు తెలుగులో చదివినవాడికి ఒక భాషలోనైనా గట్టి పునాది ఉండే అవకాశం ఉంది. అది బలం. దాన్ని లోపమని వాళ్లకి నమ్మించింది మనమే, మన జోకులే. ఇంకోపక్క ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఫ్లూయెంట్‌గా మాట్లాడుతూ, పాసేజిలో మాత్రం అ ఆప్షన్ పెట్టేవాళ్లూ ఉన్నారు. మాట్లాడటం వేరు, చదవడం వేరు.

"ఇప్పుడు అమెరికాలో చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ అక్కర్లేదంటున్నాయి కదా, ఇంత గొడవెందుకు?" అని కూడా అడగొచ్చు. 2020 తర్వాత చాలా ప్రోగ్రాములు దాన్ని తప్పనిసరి కాకుండా చేసిన మాట నిజమే. అంతమాత్రాన చదవడం తప్పనిసరి కాకుండా పోలేదు. ఎంఎస్‌కి వెళ్లినవాడికి మొదటి వారంలోనే పేపర్లు ఇస్తారు. పేపర్ అంటే ఏంటి? ముందువాళ్లు ఏమన్నారు, అందులో లోటేమిటి, మేమేం చేశాం, దాన్నిబట్టి ఎంతవరకు చెప్పొచ్చు. అది పది పేజీల పాసేజే, ఆప్షన్లు ఉండవంతే. ఇక్కడే ఉండి ఉద్యోగం చేసేవాడికి క్లయింట్ రాసిన మెయిలూ అంతే, ఆఫర్ లెటర్లో బాండు షరతులూ అంతే. "షల్" ఉన్న చోటా "మే" ఉన్న చోటా తేడా గమనించకుండా సంతకం పెట్టినవాడికి ఏ కోచింగ్ సెంటరూ కాపు కాయదు.

మన క్లబ్ ఏం చేయొచ్చో ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. వారానికి ఒక సాయంత్రం, లైబ్రరీలో, నలభై నిమిషాలు. ఒక తెలుగు వ్యాసం, రెండు పేజీలు మించకుండా, అందరికీ ప్రింటవుట్లు. మొదటి పదిహేను నిమిషాలు మౌనంగా చదవడం, ఫోన్లు టేబుల్ మధ్యలో. తర్వాత ఒక్కటే ప్రశ్న: "ఈ వ్యాసకర్త ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు?" ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోకపోతే, వ్యాసంలో వాక్యం చూపించి మాత్రమే కాదనాలి. "నాకలా అనిపించింది" చెల్లదు. నెలలో ఒక వారం ఇంగ్లిష్ వ్యాసం, చర్చ మాత్రం తెలుగులో. జీఆర్ఈ రాసేవాళ్లు, క్యాట్ రాసేవాళ్లు, ఏదీ రాయనివాళ్లు, అందరూ రావొచ్చు. బ్యానర్ అక్కర్లేదు, గెస్ట్ అక్కర్లేదు, సర్టిఫికెట్లు అసలే వద్దు.

కథలు రాసేవాళ్లు, కవితలు రాసేవాళ్లు మన క్లబ్బులో బాగానే ఉన్నారు. చదివేవాళ్లే తక్కువ. ఈ మాట చాలాసార్లు అనుకున్నాం, బాధపడ్డాం, వదిలేశాం. ఈసారి బాధపడటం మానేసి చదువుదాం. స్కోరు పెరిగితే సంతోషమే. పెరగకపోయినా, ఒక మనిషి చెప్పే మాటని చివరిదాకా విని, ఎక్కడ ఒప్పుకోవాలో ఎక్కడ కాదనాలో తెలిసినవాళ్లం అవుతాం. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువులో ఇది ఏ సబ్జెక్టులోనూ లేదు. సప్లీ కూడా లేదు కాబట్టి ఇప్పుడే పూర్తి చేసుకోవడం మంచిది.